చీలమండకు బరువే మందు

చీలమండ లోపల టేలస్ అనే ఎముక ఉంటుంది. పైన మోకాలి నుంచి దిగే రెండు ఎముకలకూ, కింద మడమ ఎముకకూ నడుమ ఇరుక్కుని ఉండి, ఒంటి బరువంతా పాదంలోకి దించేది అదే. ఇంత పని చేసే ఎముకకు ఒక్క కండరం కూడా అంటుకుని ఉండదు. చుట్టూ ఉన్నవి ఎటు తిప్పితే అటు తిరుగుతుందంతే. దాని మీద సగానికి పైగా మృదులాస్థి కప్పి ఉంటుంది కాబట్టి రక్తనాళాలు లోపలికి వెళ్లే దారులూ తక్కువే. టిబియా, ఫిబులా అనే రెండు ఎముకల కొసలు కలిసి చేసిన గాడిలో, మంచం కోడులోకి పట్టె దిగినట్టు అది ఒదిగి కూర్చుంటుంది. చీలమండకు రెండు వైపులా చేతికి తగిలే బొడిపెలు ఆ గాడి అంచులు.

ఆ ఒదుగు ఎంత ఖచ్చితంగా ఉండాలో రామ్సే, హామిల్టన్ అనే వైద్యులు 1976లో కొలిచి చూపించారు. టేలస్ బయటివైపుకు 1 మిల్లీమీటరు జరిగినా చాలు, కీలులో ఎముకకు ఎముక ఆనే చోటు సగటున 42 శాతం తగ్గిపోతుందని తేలింది. మోయాల్సిన బరువు మాత్రం తగ్గదు. మిగిలిన ఆ కాస్త చోటే మొత్తం బరువు మోస్తే అక్కడి మృదులాస్థి త్వరగా అరిగిపోతుంది. చీలమండ విరిగినప్పుడు ఎముకలు ‘దాదాపు’ సరిగ్గా కూర్చున్నాయంటే ఎముకల డాక్టర్లు ఎందుకు ఒప్పుకోరో, ప్లేటూ స్క్రూలూ వేసైనా గాడిని ఎందుకు సరిచేస్తారో ఈ ఒక్క కొలతతో అర్థమవుతుంది.

అయితే చీలమండకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం విరగడాలు కావు, బెణుకులు. చివరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేస్తాం, లేదా కదులుతున్న బస్సు దిగబోయి రోడ్డు అంచున కాలు పెడతాం, పాదం లోపలికి మడత పడుతుంది. బయటికి పడటం అరుదు. బయటివైపు ఎముక కొస లోపలి దానికంటే కిందికి దిగి అడ్డు నిలుస్తుంది, లోపలివైపు ఎముకలను కట్టి ఉంచే పట్టీ, డెల్టాయిడ్ లిగమెంటు, మందంగా, గట్టిగా ఉంటుంది. బయటివైపు ఉన్నవి మూడు విడివిడి సన్నని పట్టీలు. వాటిలో ముందున్నది, ఫిబులాను టేలస్‌కు కట్టి ఉంచేది, అన్నిటికంటే ముందు సాగుతుంది, తెగుతుంది. మడమ పైకి లేచి ఉన్నప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. టేలస్ ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది. మడమ ఎత్తితే వెడల్పు భాగం గాడిలోంచి ముందుకు జరిగి, సన్నని భాగం లోపల మిగులుతుంది. గాడి వదులవుతుంది. ఎత్తు చెప్పులతోనూ, మెట్లు దిగేటప్పుడూ కాలు ఎక్కువగా మడత పడేది అందుకే.

విరిగిందా, బెణికిందా అన్నది వాపును చూసి చెప్పలేం. నిమ్మకాయంత వాచిన బెణుకులూ ఉంటాయి, పెద్దగా వాపు కనపడని విరుగుళ్లూ ఉంటాయి. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడూ ఆయన బృందమూ 1992లో దీనికి ఒక చక్కని పరీక్ష ప్రకటించారు. రెండువైపుల బొడిపె ఎముకల వెనక అంచున, కొస నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు దాకా, నొక్కితే ఎముక మీద నొప్పి ఉందా? పాదం బయటి అంచున చిటికెనవేలి ఎముక మొదట్లో, లోపలి వైపు పాదం నడుమనుండే నావిక్యులర్ ఎముక మీద నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనేగానీ, ఆస్పత్రికి వచ్చాకగానీ నాలుగు అడుగులు వేయగలిగారా? కుంటుతూ వేసినా వేసినట్టే. ఏ చోటా ఎముక నొప్పి లేక, నాలుగు అడుగులూ వేయగలిగితే ఎక్స్‌రే అక్కర్లేదు. ఇలా వడపోసినప్పుడు నిజంగా విరిగినవి తప్పిపోవడం చాలా అరుదు. ఒక సంగతి మాత్రం మన ఇళ్లలో గట్టిగా గుర్తుంచుకోవాలి: షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ పరీక్ష చెల్లదు. విరిగిన కాలితోనే వాళ్లు నడిచేస్తారు. వాళ్లకు ఎక్స్‌రే తీయాల్సిందే.

విరిగిందన్న అనుమానం ఉంటే మొదటి పని కాలిని కదలనీయకపోవడం. 1756 జనవరిలో లండన్‌లో గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు చేసింది ఇదే. చలిలో రోడ్డు మీద పడి ఉండీ తనను ఎవరూ లేవనెత్తడానికి వీల్లేదన్నాడు. పల్లకీ మోసే బోయీల్ని వాళ్ల దండెలతో సహా పిలిపించాడు, అక్కడికక్కడే ఒక తలుపు కొనిపించి దానికి దండెలు మేకులతో కొట్టించాడు, ఆ తలుపు మీద పడుకుని ఇల్లు చేరాడు. ఇంటి దగ్గర డాక్టర్లు కాలు తీసేయాలని నిర్ణయించి పరికరాలు సిద్ధం చేసుకున్నారు. ఆఖరి క్షణాన వచ్చిన ఆయన గురువు, నర్స్ అనే పేరున్న శస్త్రవైద్యుడు, కాలు నిలబెట్టి చూద్దామన్నాడు. కాలు నిలిచింది. మంచం మీదున్న ఆ రోజుల్లోనే పాట్ రాయడం మొదలుపెట్టాడు. 1768లో విరుగుళ్ల మీద ఆయన రాసిన పుస్తకంలో చీలమండ దగ్గర ఫిబులా విరిగే తీరును ఎంత స్పష్టంగా వర్ణించాడంటే, దానికి నేటికీ ఆయన పేరే నిలిచింది.

మన దగ్గర కాలు బెణికిందనగానే ముందు వినపడేది ‘నరం తీయించు’ అన్న మాట. చింతపండు, ఉప్పు, పసుపు ఉడికించి వేసే పట్టుతో పెద్ద నష్టం లేదు. చర్మం కాలకుండా చూసుకుంటే చాలు. ఆ పట్టు వేసుకున్న మనిషి కాలు కదపకుండా కూర్చుంటాడు, అదే కొంత మేలు. గట్టిగా మర్దన చేసి లాగడం మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లో చేయకూడని పని. లోపల తెగిన చిన్న రక్తనాళాలు ఇంకా మూసుకోవు, నలిపితే రక్తం మళ్లీ కారుతుంది. ఎముక విరిగి ఉంటే చెప్పనక్కర్లేదు. పుత్తూరు కట్టు సంగతి వేరు. తిరుపతి దగ్గరి పుత్తూరుకు ఎముకల కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో ఎముకను కదలకుండా నిలిపే పద్ధతి అది. ఎముక పక్కకు జరగకుండా విరిగినచోట దాన్ని కదలనీయకుండా ఉంచడమే కావాల్సింది కాబట్టి అతుక్కుంటుంది. గాడి పక్కకు జరిగిన చీలమండకు మాత్రం బయటి నుంచి వేసే ఏ కట్టూ ఆ 1 మిల్లీమీటరుకు హామీ ఇవ్వలేదు. ఎక్స్‌రే చూశాకే ఏ కట్టయినా అన్నది నా గట్టి అభిప్రాయం.

పిండికట్టును యుద్ధ గాయాల కోసం పద్ధతిగా వాడకంలోకి తెచ్చినవాడు డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్, 1850ల మొదట్లో. కట్టు ఏదైనా అందులోని ప్రమాదం ఒక్కటే: లోపల వాపు పెరుగుతుంది, కట్టు సాగదు, రక్తం పారే దారి మూసుకుపోతుంది. మందుబిళ్లకు లొంగని నొప్పి, కాలివేళ్లు నీలంగానో తెల్లగానో మారడం, చల్లబడటం, తిమ్మిరెక్కడం, వేళ్లను ఎవరైనా మెల్లగా పైకి వంచినా ప్రాణం పోయినంత బాధ. వీటిలో ఏది కనిపించినా తెల్లారనివ్వకుండా ఆస్పత్రికి వెళ్లి కట్టు విప్పించాలి. 1981లో రోడ్డు ప్రమాదంలో కాలికి గాయమైన నర్తకి సుధాచంద్రన్‌కు ఆ గాయం గాంగ్రీన్‌గా మారి కుడికాలు తీసేయాల్సి వచ్చింది. ఆమె కథను సింగీతం శ్రీనివాసరావు తెలుగులో ‘మయూరి’గా తీశారు, తన పాత్ర తానే వేసిందామె. ఆ సినిమా చూసినవాళ్లెవరూ కాలి గాయాన్ని తేలిగ్గా తీసుకోలేరు.

ఇక అసలు విషయం. దెబ్బ తగిలిన కాలికి ఎంత విశ్రాంతి ఇస్తే అంత మంచిదన్నది మనలో పాతుకుపోయిన నమ్మకం. 1978లో గేబ్ మర్కిన్ అనే అమెరికన్ వైద్యుడు విశ్రాంతి, ఐసు, బిగుతు పట్టీ, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగింటినీ కలిపి చెప్పిన సూత్రం ప్రపంచమంతా పాకింది. ఐసు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో ఆయనే తన మాటను సవరించుకున్నాడు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది, గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. మాన్పేది మాత్రం అది కాదు.

తెగిన లిగమెంటు దగ్గర మొదట రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది. కొన్ని రోజుల్లో అక్కడికి చేరిన కణాలు కొల్లాజెన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. తొందరలో అల్లిన ఆ పోగులు సన్నవి, బలహీనమైనవి, ఏ దిక్కుకు పడితే ఆ దిక్కుకు ఉంటాయి. వాటి స్థానంలో మందమైన, గట్టి పోగులు రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. కొత్త పోగులు ఏ దిశలో బారులు తీరాలో వాటికి తెలిసేది ఆ పట్టీ మీద పడే లాగుడును బట్టే. లాగుడే లేకపోతే అవి చిక్కుపడిన మచ్చగా మిగిలిపోతాయి. ఎముకదీ అదే స్వభావం. మోసే బరువుకు తగ్గట్టు ఎముక తన లోపలి అమరికను మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. 2024లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ వైద్యుల పరీక్ష ఒకటి వచ్చింది. చీలమండ విరిగి ఆపరేషన్ అయినవాళ్లలో కొందరిని 2 వారాలకే కాలు మోపనిచ్చారు, కొందరిని 6 వారాలు ఆపారు. నాలుగు నెలల తర్వాత చూస్తే త్వరగా మోపినవాళ్లు రెండోవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు, అదనపు సమస్యలూ రాలేదు. ఇది అందరికీ వర్తించదు. షుగరు ముదిరినవాళ్లకూ, ఎముకలు గుల్లబారినవాళ్లకూ, కొన్ని రకాల విరుగుళ్లకూ ఆగాల్సిందే. అందుకే డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్లు పడుకోవాలి?’ అన్నది కాదు, ‘ఇవాళ ఎంత బరువు మోపొచ్చు?’ అన్నది.

చంకకర్రల పని ఇక్కడ మొదలవుతుంది. అవి కాలికి బరువును కొలిచి అందించే సాధనాలు. కాలు పూర్తిగా ఎత్తి ఉంచడం నుంచి పూర్తిగా ఆనించడం దాకా మధ్యలో ఎన్ని మెట్లున్నాయో అన్నిటికీ అవి పనికొస్తాయి.

పేరు చంకకర్రే గానీ, చంక మీద బరువు వేయడానికి కాదు. చంకలోంచి చేతికి వెళ్లే నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. రోజుల తరబడి కర్ర పైభాగం వాటిని నొక్కితే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది, అరచేతిని పైకెత్తలేరు. కాలికోసం తెచ్చుకున్న కర్ర చేతిని పడగొట్టడమన్నమాట. కాబట్టి కొన్న చోటే నిలబడి కొలత సరిచేసుకోవాలి. రోజూ వేసుకునే చెప్పు వేసుకుని నిటారుగా నిలబడండి. కర్రల కొసలు పాదానికి ఒక జానెడు ముందుకూ పక్కకూ ఉంచండి. చంకకూ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. చేతులు కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి, పట్టుకున్నాక మోచేయి కొద్దిగా, 20 నుంచి 30 డిగ్రీలు, వంగి ఉండాలి. బరువు మోసేది అరచేతులు. కర్ర పైభాగాన్ని పక్కటెముకలకేసి అదిమిపెడితే సరిపోతుంది. అడ్డకర్ర లేకుండా మోచేతి కింద కడియంలా పట్టుకునేవి మన దగ్గరా దొరుకుతున్నాయి. చంక నొక్కుకుపోయే బెడద వాటితో ఉండదు, కాకపోతే చేతుల్లో బలం ఉండాలి. వయసు మళ్లినవాళ్లకు ఈ రెండింటికన్నా వాకరే నయం.

డాక్టర్ 20 కిలోలు మోపమన్నారనుకుందాం. 20 కిలోలంటే కాలికి ఎలా తెలుస్తుంది? ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే చాలు. దెబ్బ కాలు మిషన్ మీద పెట్టి, పక్కన అంతే ఎత్తున్న పుస్తకం మీదో పలక మీదో రెండో కాలు పెట్టి, కర్రల మీద ఆనుకుని నిలబడాలి. ముల్లు 20 దగ్గరికి వచ్చేదాకా మెల్లగా నొక్కి ఆగాలి, వదలాలి. కళ్లు మూసుకుని మళ్లీ నొక్కి, తెరిచి చూసుకోవాలి. మొదట్లో అనుకున్నదానికీ ముల్లు చూపేదానికీ చాలా తేడా ఉంటుంది. రోజూ కాసేపు సాధన చేస్తే పాదానికి ఆ లెక్క పట్టుబడుతుంది. నడిచేటప్పుడు కొంత తప్పుతుంది, అందుకే మధ్యమధ్యలో మళ్లీ మిషన్ ఎక్కాలి.

కాలు ఎత్తి పట్టుకుని రెండు కర్రల మీద దాటడం చూసేవాళ్లకు తెలియదు గానీ పెద్ద శ్రమ. అదే దూరానికి మామూలు నడకకు పట్టే శక్తికి దాదాపు రెట్టింపు ఖర్చవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. వంటింటి నుంచి హాలులోకి వచ్చి ఆయాసపడుతుంటే మనిషి నీరసపడ్డాడని కంగారు పడక్కర్లేదు. గుండె జబ్బున్నవాళ్లయితే మాత్రం ఈ మాట ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. ఎక్కేటప్పుడు ఏ కాలు పై మెట్టు మీద ఉంటుందో అదే ఒంటిని పైకి లాగుతుంది. దిగేటప్పుడు పై మెట్టు మీద మిగిలిన కాలు మోకాలు వంచుతూ బరువును ఆపి దించుతుంది. రెండుసార్లూ కష్టమంతా పై మెట్టు మీదున్న కాలిదే, కాబట్టి అక్కడ మంచి కాలే ఉండాలి. రెయిలింగు ఉంటే ఒక చెయ్యి దాని మీద వేసి, రెండు కర్రలూ రెండో చేతిలోకి తీసుకోవడం మేలు.

మన ఇళ్లలో కర్రలకు శత్రువులు ఎక్కువ. తడిసిన గ్రానైట్ నేల, కళ్లాపి చల్లిన వాకిలి, జారే డోర్‌మ్యాట్, ఎత్తు గడప. కర్ర కొసన ఉండే రబ్బరు బుడిపె అరిగి నున్నబడితే తడి మీద నిలవదు, దాన్ని వెంటనే మార్చుకోవాలి, ఖర్చు కొద్దిపాటిదే. రెండు చేతులూ కర్రలకే పోతాయి కనుక కాఫీ గ్లాసు కూడా తెచ్చుకోలేరు. భుజానికి సంచీ, అందులో మూత గట్టిగా ఉన్న ఫ్లాస్కు ఉంటే ఎవర్నీ పిలవక్కర్లేదు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, కట్టుకు పాలిథిన్ కవరు. నేల మీది మరుగుదొడ్డి మాత్రం ఒంటికాలి మీద ఎవరివల్లా కాదు. మధ్యలో కన్నమున్న కమోడు కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, చాలాచోట్ల అద్దెకూ ఇస్తారు. ఆ ఒక్క కుర్చీ లేక, నీళ్లు తాగడమే తగ్గించేసుకునే ఆడవాళ్లున్నారు. ఇంట్లోవాళ్లు కర్రలకన్నా ముందు దాన్ని తేవాలని నేను బతిమాలి చెప్తాను.

కాలు వాడని ఒకటి రెండు వారాల్లోనే పిక్క సన్నబడటం మొదలవుతుంది. పిక్క కండరం నడకకే కాదు, కాలి సిరల్లోని రక్తాన్ని పైకి పిండి గుండెకు పంపేదీ అదే. అది ఆగితే రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. కట్టులో ఉన్నా వేళ్లు ఆడించడం, తొడ బిగించి వదలడం, పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద గుండెకన్నా ఎత్తున పెట్టడం ఇందుకే. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పెడితే, లేదా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అది అత్యవసరం.

కట్టు విప్పాక నొప్పి తగ్గగానే చాలామంది అంతా అయిపోయిందనుకుంటారు. ఇక్కడే కొన్ని కాళ్లు మళ్లీ మళ్లీ మడత పడటానికి బీజం పడుతుంది. 1965లో మైకేల్ ఫ్రీమన్ అనే బ్రిటిష్ వైద్యుడు దీనికి కొత్త కారణం చెప్పాడు. లిగమెంటులో బిగుతును పసిగట్టి మెదడుకు చెప్పే నరాల కొసలుంటాయి. పట్టీ తెగినప్పుడు అవీ దెబ్బతింటాయి. పాదం ఏ కోణంలో ఉందో కళ్లతో చూడకుండా తెలిసే జ్ఞానం మందగిస్తుంది, ఒరిగిన పాదాన్ని కండరాలు వేళకు అందుకోలేవు. అడుగున గుండ్రంగా ఉండి ఒరిగే పలక మీద నిలబెట్టి సాధన చేయిస్తే ఇలాంటి కాళ్లు నిలదొక్కుకుంటున్నాయని ఆయన చూపాడు. అంత సామగ్రి లేకపోయినా ఫర్వాలేదు. గోడ పక్కన ఒంటికాలి మీద అరనిమిషం నిలబడటం, అది కుదిరాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద. కళ్లు మూయగానే దెబ్బ కాలు వణికే తీరు చూస్తే ఎంత పని మిగిలి ఉందో తెలుస్తుంది. పళ్లు తోముకునేటప్పుడు చేసినా అది సాధనే.

కర్రలు వదలడానికీ వరసుంది. ముందు రెండింటి నుంచి ఒకటికి రావాలి, ఆ ఒక్కటి దెబ్బ తగిలిన వైపు కాదు, రెండో చేతిలో ఉండాలి. నడిచేటప్పుడు ఎదుటి చెయ్యీ కాలూ కలిసి ముందుకు పడతాయి, దెబ్బ కాలు నేల తాకే క్షణాన కర్ర కూడా అవతలివైపు నేల తాకి బరువు పంచుకుంటుంది. కుంటకుండా నడవగలిగాకే ఆ ఒక్క కర్రనూ వదలాలి.

ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లో నడక, పరుగు వస్తే కోలుకున్నట్టే. మనకు ఇంకోటుంది: గొంతుక్కూర్చోవడం. నాట్లు వేసే మనిషికీ, పొయ్యి దగ్గర కూర్చునే మనిషికీ, నేల మీది మరుగుదొడ్డి వాడే ఎవరికైనా మడమ నేలకు ఆని ఉండగా పిక్క ముందుకు బాగా వాలాలి. 1968లో జైపూర్‌లో చేతిపనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి కృత్రిమ పాదం చేసినప్పుడు పట్టుబట్టి సాధించిందీ ఇదే. అప్పటి విదేశీ పాదాలతో గొంతుక్కూర్చోవడం, చెప్పుల్లేకుండా పొలంలో నడవడం కుదరక జనం వాటిని మూల పడేసేవారు. సుధాచంద్రన్ మళ్లీ గజ్జె కట్టింది ఆ జైపూర్ పాదంతోనే. మన సొంత పాదానికి ఆ వాలు ఎంత తిరిగొచ్చిందో గోడ దగ్గర కొలుచుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకితే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి మళ్లీ తాకించాలి. మడమ లేవకుండా తాకగలిగిన ఆఖరి చోట బొటనవేలికీ గోడకీ ఎంత దూరముందో రెండు కాళ్లకూ టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ తేడా సెంటీమీటరు లోపుకు వచ్చేదాకా పిక్క సాగదీసే వ్యాయామాలు ఆపకూడదు. కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లు ఆ తర్వాత కూడా ఆటలో చీలమండకు పట్టీ కట్టుకోవాలి. మళ్లీ మడత పడే ప్రమాదం మొదటి ఏడాదిలోనే ఎక్కువ.